ఉద్యోగంలో చేరే రోజు చదవవలసిన కాగితం
(స్కాలర్‌షిప్‌ల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ట్రస్టు వారు నన్ను "పిల్లలకు ఉద్యోగాల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను హోసూరు చుట్టుపక్కల మోటారు విడిభాగాల కంపెనీలలో 27 ఏళ్లు పర్సనల్ విభాగంలో పనిచేసి రిటైరయిన వాడిని. నాకు తెలిసిందల్లా ఆ గేటు, ఆ రిజిస్టర్లు, ఆ జీతాల లెక్కలే. కాబట్టి వాటి గురించే మాట్లాడతాను.

మనవాళ్లలో ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలు ఎక్కువగా చేరేది ఈ విడిభాగాల కంపెనీలలోనే. హోసూరు, శ్రీపెరుంబుదూరు, ఒరగడం, కోయంబత్తూరు, బెంగుళూరు పీణ్య, పుణె దగ్గర చాకణ్, ఇటు ఆంధ్రలో శ్రీసిటీ, పెనుకొండ, ఎక్కడ చూసినా ఇదే పని. బ్రేకు, సీటు, గేరు, లైటు, బోల్టు, ఇవన్నీ చేసే చోట్లు. వీటిలో చేరడం మంచిదే. అయితే ఏ హోదాలో చేరుతున్నామో తెలుసుకుని చేరాలి. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదొక్కటే.

ముందు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చూద్దాం. బండి తయారుచేసే పెద్ద కంపెనీ అన్ని భాగాలూ తానే చేసుకోదు. మొదటి అంచె కంపెనీకి ఆర్డరు ఇస్తుంది. వాళ్లు రెండో అంచెకు, వాళ్లు మూడో అంచెలోని చిన్న షెడ్డుకు ఇస్తారు. బండ్లు అమ్ముడుపోతే అందరికీ రెండు షిఫ్టులు, ఓటీలు. అమ్మకం తగ్గితే దెబ్బ ముందుగా తగిలేది చివరి అంచెకే. 2025లోనే చూడండి. మే 3 నుంచి అమెరికా మోటారు విడిభాగాల మీద 25 శాతం సుంకం వేసింది, ఎగుమతి చేసేవాళ్లు ఇబ్బంది పడ్డారు. సెప్టెంబరు 22 నుంచి మన దేశంలో విడిభాగాల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, లోకల్ అమ్మకాలకు ఊపు వచ్చింది. ఆర్డర్లు ఇలా పైకీ కిందికీ పోతుంటాయి గనుక కంపెనీలు పర్మనెంటు వాళ్లను తక్కువగా, మిగతా వాళ్లను ఎక్కువగా పెట్టుకుంటాయి. ఒకే మిషను దగ్గర, ఒకే యూనిఫారంలో నలుగురు నిలబడి ఉంటారు. ఒకరు పర్మనెంటు, ఒకరు నిర్ణీత కాలపు ఉద్యోగి, ఒకరు కాంట్రాక్టరు మనిషి, ఒకరు అప్రెంటిసు. చేసే పని ఒకటే, హక్కులు మాత్రం వేరు.

అప్రెంటిసు అంటే 1961 నాటి అప్రెంటిసుల చట్టం కింద శిక్షణ పొందేవాడు. ఇతను కార్మికుడి లెక్కలోకి రాడు. జీతం కాదు, స్టైపెండు ఇస్తారు. పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. పనిలో దెబ్బ తగిలితే మాత్రం నష్టపరిహారం యజమాని ఇవ్వాల్సిందే. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. కానీ పరీక్ష పాసైతే వచ్చే జాతీయ అప్రెంటిసు సర్టిఫికెటుకు మంచి విలువ ఉంది. అందుచేత అప్రెంటిసుగా చేరడం తక్కువేమీ కాదు. ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైందా లేదా అన్నది చూసుకోవాలి. అప్రెంటిసుల అధికారి అనుమతి లేకుండా ఓటీ చేయించకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి. నమోదు లేకుండా ఊరికే "ట్రైనీ" అని రాసి మూడు షిఫ్టులు పని చేయించుకుంటే అది శిక్షణ కాదు, అది పనే. అలాంటి కాగితం చూస్తే "నాది ఏ చట్టం కింద ట్రైనింగు?" అని మర్యాదగా అడగండి.

ఇక కొత్త చట్టాల సంగతి. 2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమలులోకి తెచ్చింది. వేతనాలకు ఒకటి, పారిశ్రామిక సంబంధాలకు ఒకటి, సామాజిక భద్రతకు ఒకటి, పనిచోట భద్రత, ఆరోగ్యాలకు ఒకటి. 29 పాత చట్టాలు వీటిలో కలిసిపోయాయి. ఫ్యాక్టరీల చట్టం, పీఎఫ్ చట్టం, ఈఎస్ఐ చట్టం, గ్రాట్యుటీ చట్టం అన్నీ ఇందులోవే. ప్రైవేటు ఫ్యాక్టరీలకు చాలా విషయాల్లో నియమాలు చేయవలసింది రాష్ట్ర ప్రభుత్వం. కాబట్టి తమిళనాడులో ఉన్నవాళ్లు తమిళనాడువి, కర్ణాటకలో ఉన్నవాళ్లు కర్ణాటకవి చూసుకోవాలి. మన పిల్లలకు ముఖ్యమైనవి మాత్రం చెబుతాను.

మొదటిది, నియామక పత్రం. ప్రతి ఉద్యోగికీ రాతపూర్వకంగా ఇవ్వాలని ఇప్పుడు చట్టమే చెబుతోంది. "ముందు చేరు, ఆర్డరు తర్వాత ఇస్తాం" అనే మాటకు ఇక చోటు లేదు.

రెండోది, నిర్ణీత కాలపు ఉద్యోగం. ఏడాదికో రెండేళ్లకో అని రాసి తీసుకునేది. ఆ కాలంలో జీతం, సెలవులు, ఇతర సౌకర్యాలు అదే పని చేసే పర్మనెంటు వాళ్లతో సమానంగా ఇవ్వాలి. గ్రాట్యుటీకి పర్మనెంటు ఉద్యోగి 5 ఏళ్లు పనిచేయాలి, నిర్ణీత కాలపు ఉద్యోగికి ఒక సంవత్సరం చాలు. లెక్క సులభం. వేతనాన్ని 26తో భాగించి 15తో గుణించాలి. వేతనం 13,000 అయితే సంవత్సరానికి 7,500 రూపాయలు. అయితే గడువు ముగియగానే ఉద్యోగం ముగుస్తుంది, దానికి రిట్రెంచ్‌మెంటు పరిహారం రాదు. కాబట్టి కాగితంలో ముగింపు తేదీ ఉందేమో వెతకండి.

మూడోది, వేతనం లెక్క. బేసిక్, డీఏ కలిపి మొత్తం జీతంలో సగమైనా ఉండాలి. 20,000 జీతంలో బేసిక్ 7,000 చూపి, మిగతాదంతా అలవెన్సులు అంటే ఇక చెల్లదు. 10,000 మీద లెక్కించాలి. 12 శాతం పీఎఫ్ ఇంతకుముందు 840 కోసేవాళ్లు, ఇప్పుడు 1,200 అవుతుంది. చేతికి వచ్చేది 360 తగ్గిందని పిల్లలు బాధపడవద్దు. కంపెనీ కూడా అంతే కట్టాలి, అందులో కొంత పింఛనుకు పోతుంది. ఆ డబ్బు మీదే.

నాలుగోది, ఓటీ. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. ఆపైన చేస్తే రెట్టింపు రేటు. నెల వేతనం 10,400 అయితే 26 రోజులకు రోజుకు 400, గంటకు 50. ఓటీ గంటకు 100 రావాలి. "సింగిల్ ఓటీ" అనే మాట కంపెనీల్లో వింటుంటాం, చట్టంలో అది లేదు.

అయిదోది, మానేసినా, తీసేసినా రావలసిన జీతం రెండు పనిదినాలలో ఇవ్వాలి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. రాత్రి షిఫ్టులో ఆడవాళ్లు పనిచేయవచ్చు, కానీ వాళ్ల ఒప్పుదల ఉండాలి, భద్రతకు తగిన ఏర్పాట్లు ఉండాలి. 10 మంది, అంతకుమించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. కమిటీలో ఎవరున్నారో చేరిన వారంలోనే తెలుసుకోమని అమ్మాయికి చెప్పండి.

కొత్త కోడ్‌లన్నీ కార్మికుడి పక్షానే ఉన్నాయని నేను అనను. ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కరెంటు వాడే చోట ఇంతకుముందు 10 మంది చాలు, ఇప్పుడు 20 మంది కావాలి. లేఆఫ్‌కు, రిట్రెంచ్‌మెంటుకు, మూసివేతకు ప్రభుత్వ అనుమతి ఇంతకుముందు 100 మంది ఉన్న చోట అవసరమయ్యేది, ఇప్పుడు 300 మంది. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు 20 మందికి బదులు 50 మంది నుంచి వర్తిస్తాయి. మూడో అంచెలోని చిన్న షెడ్డులో చేరే పిల్లవాడికి రక్షణ పలచబడిందన్నమాట. అందుకే ఆ పిల్లవాడు మరింత మెలకువగా ఉండాలి.

తమిళనాడు వాళ్లకు ఇంకొకటి. 24 నెలల్లో 480 రోజులు పనిచేసిన కార్మికుడిని పర్మనెంటు చేయాలని ఈ రాష్ట్రం 1981లో ఒక చట్టం చేసింది. 480 దగ్గరపడుతుండగా మనిషిని ఆపి, కొన్నాళ్లాగి కొత్త పేరుతో మళ్లీ తీసుకోవడం నేను కళ్లారా చూశాను. కాబట్టి మీ హాజరు రోజులు మీరే ఒక డైరీలో రాసుకోండి.

ఇప్పుడు ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం, డెంకణికోట వైపు పల్లె నుంచి వచ్చిన 19 ఏళ్ల కుర్రాడు, ఐటీఐ ముగించి కాంట్రాక్టరు ద్వారా ఒక చిన్న ప్రెస్ షాపులో చేరాడు. నియామక పత్రం లేదు, ఈఎస్ఐ నంబరు లేదు. పదకొండో రోజు పవర్ ప్రెస్ కింద కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. రెండు చేతులతో బటన్లు నొక్కితేనే ప్రెస్ దిగే ఏర్పాటు ఉంటుంది. పని త్వరగా కావాలని దాన్ని తీసేసి పెడల్ పెట్టారు. కాంట్రాక్టరు 5,000 రూపాయలు చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద సంతకం అడిగాడు. తండ్రి ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చి "అన్నా, పెట్టమంటావా?" అన్నాడు. పెట్టవద్దన్నాను.

ఈఎస్ఐ వర్తించే సంస్థలో పనిచేసేవాడికి పని ప్రమాదం జరిగితే మొదటి రోజు నుంచే హక్కు ఉంటుంది. యజమాని పేరు నమోదు చేయకపోయినా కార్పొరేషన్ చెల్లించి, ఆ డబ్బు యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. కానీ ఆ రోజు ఆ పిల్లవాడు అక్కడ పనిలో ఉన్నాడని చూపించాలి. గేటు పాసు, ఫోనులో సూపర్‌వైజరు పంపిన షిఫ్టు మెసేజి, పక్క మిషను కుర్రాడి సాక్ష్యం, ఆసుపత్రి చీటీ, ఈ నాలుగూ పట్టుకుని వాళ్లు ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసు చుట్టూ తిరిగారు. చాలా నెలలు పట్టింది. పని చేయలేని రోజులకు వేతనంలో 90 శాతం చొప్పున వచ్చింది. తర్వాత మెడికల్ బోర్డు సంపాదన శక్తి ఎంత తగ్గిందో నిర్ణయించి నెలనెలా పింఛను ఇచ్చింది. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ జీవితాంతం వస్తుంది. వేళ్లు మాత్రం రాలేదు.

ఇది మన ఊరి సమస్యే కాదు. హర్యానాలో గుర్‌గావ్, మానేసర్, ఫరీదాబాద్ విడిభాగాల ఫ్యాక్టరీలలో వేళ్లు పోగొట్టుకున్న కార్మికుల గురించి సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ 2019 నుంచి నివేదికలు వెలువరిస్తోంది. చాలామందికి ఈఎస్ఐ కార్డు ప్రమాదం జరిగాకే ఇచ్చారని వాళ్లు కూడా రాశారు.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి. చేరే రోజున ఇవి చూడండి. నియామక పత్రంలో యజమాని పేరు కంపెనీదా, కాంట్రాక్టరుదా? హోదా ఏమని రాశారు? ముగింపు తేదీ ఉందా? బేసిక్ ఎంత? పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ నంబరు ఇచ్చారా? కాంట్రాక్టరు జీతం గానీ, పీఎఫ్ గానీ, ఈఎస్ఐ గానీ కట్టకపోతే ఆ బాధ్యత అసలు కంపెనీదే అవుతుంది. కాబట్టి కంపెనీ పేరు కూడా రాసి పెట్టుకోండి. పత్రం ఇంగ్లీషులోనో తమిళంలోనో, కన్నడంలోనో ఉంటుంది. ఇంట్లో చదవలేకపోతే తెలిసినవాళ్ల చేత చదివించుకున్న తర్వాతే సంతకం పెట్టించండి. ఒరిజినల్ మార్కుల జాబితాలు చూపించండి, జెరాక్సు ఇవ్వండి, ఒరిజినల్ వదలకండి.

పిల్లలకు నా మనవి. అడిగితే ఉద్యోగం ఇవ్వరేమో అని భయపడకండి. నేను బల్లకు అవతలి వైపు కూర్చున్న వాడిని. మర్యాదగా అడిగిన కుర్రాడిని మంచి కంపెనీ ఏదీ తిప్పి పంపదు. అడిగినందుకే తిప్పి పంపే చోట మీ వేళ్లకు కూడా భద్రత ఉండదని నా అనుభవం. మిషనుకు గార్డు లేకపోతే చెయ్యి పెట్టవద్దు. ఎలక్ట్రిక్ బండ్లు పెరిగేకొద్దీ పిస్టన్, క్లచ్చి, సైలెన్సరు వంటి పనులు తగ్గుతాయి. బ్రేకు, సస్పెన్షను, వైరింగు పనులు ఉంటాయి. చేరే కంపెనీ ఏ భాగం చేస్తుందో కూడా చూసుకుని, పని నేర్చుకుంటూనే ఉండండి.

ఈ స్కాలర్‌షిప్ డబ్బు ఎవరో ఒకరు తమ కష్టంలోంచి తీసి ఇచ్చినది. దాంతో చదివిన చదువును ఒక తెల్లకాగితం మీద సంతకంతో పోగొట్టుకోవద్దు. మీరంతా రెండు చేతులా సంపాదించి, రేపు ఈ ట్రస్టుకు దాతలై రావాలని ఆశీర్వదిస్తూ సెలవు తీసుకుంటున్నాను.