పాట కూడు పెట్టునా?

(ప్రసంగ పాఠము)



సంగీతము నేర్వగోరు పిల్లవానిని చూచి తలిదండ్రులు మొట్టమొదట వేయు ప్రశ్న ఒక్కటే: "పాట కూడు పెట్టునా?" దీనిని తేలికగా త్రోసివేయరాదు. ఖమ్మము, భద్రాచలము ప్రాంతమున ఈ ప్రశ్న మరింత న్యాయమైనది. ఏలయన, ఈ నేలపై పుట్టిన కీర్తన తెలుగునాట ఇంటింట వినబడుచున్నను, దానిని రచించిన మహనీయుడు పాట వలన జీవించినవాడు కాడు.

నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దమున గోలకొండ ప్రభువు తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణాకు తహసీలుదారు. ఆయనకు జీతము నిచ్చినది ఉద్యోగము. రామదాసుగా కీర్తిని తెచ్చినది భక్తి, చెరసాలలోని వేదన. పిమ్మటి కాలమున త్యాగరాజస్వామి ఉంఛవృత్తితో సంసారమును నడపెను. విజయనగర సంస్థానము 1919లో సంగీత కళాశాలను నెలకొల్పగా, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులైరి. అచ్చట వాయులీనాచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1936లో అధ్యక్షులైరి. సంస్థానములు అంతరించినవి. నెలజీతము లభించు సంగీత కొలువులు నేటికిని బహు స్వల్పము. తక్కిన విద్వాంసులను పోషించు భారము రాజులనుండి ప్రజలపై బడినది. ఈ సంగతి మనము ఇంకను పూర్తిగా గుర్తింపలేదు.

స్వతంత్రముగా జీవించు విద్వాంసునికి ఒక్క రాబడి చాలదు. నాలుగు కాలువలు కలిసిన గాని చేను తడవదు.

మొదటిది కచేరి. ఈ రాబడి పంచాంగమును బట్టి నడచును. మాఘ ఫాల్గుణములు, వైశాఖము, శ్రావణము మొదలగు ముహూర్తముల మాసములలో నాదస్వర విద్వాంసునికి తీరిక యుండదు. ఆషాఢము, భాద్రపదము, పుష్యము వచ్చినచో వాద్యము గూటికి చేరును. మౌఢ్యము కూడ తోడైనచో నెలల తరబడి పిలుపు రాదు. భద్రాద్రిలో శ్రీరామనవమి, ముక్కోటి, వాగ్గేయకారోత్సవములు వైభవముగా జరుగును. కాని ఉత్సవములు ఏడాదికి కొన్ని దినములే, ఆకలి అనుదినము.

రెండవది శిక్షణ. స్థిరమైన ఆధారము ఇదియే. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు విజయవాడలో శిష్యులకు గురుకుల పద్ధతిని విద్య గరపిరి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు, అన్నవరపు రామస్వామిగారు ఆ నీడన పెరిగినవారే. రామదాసు కీర్తనలను ఆకాశవాణి ద్వారా బాలమురళిగారు ఊరూర వినిపించుట మనకు తెలిసినదే. ఒక గురువు ఇల్లు నిలిచినందున ఎన్ని ఇండ్లలో పాట నిలిచినదో చూడుడు!

కొత్తగూడెము, మణుగూరులలో సింగరేణి ఉద్యోగులు, సారపాకలో కాగితపు మిల్లు ఉద్యోగులు నివసించుచున్నారు. నెలజీతము గల ఇండ్ల నుండి నెలనెల రుసుము రాగలదు. అడవి అంచు పల్లెలలో శిష్యులు అక్కడొకరు, ఇక్కడొకరుగ నుందురు. ఒక్కొక్క ఇంటికి పోయినచో బస్సు ఖర్చులకే రాబడి చాలదు. నాలుగైదు ఊళ్ళ పిల్లలను వారమున కొకనాడు ఒక బడిలోనో, గుడిలోనో చేర్చి బోధించుట లాభకరము. నేడు ఫోనులో ముఖాముఖిగా విదేశములలోని తెలుగు పిల్లలకు నేర్పు గురువులును గలరు. అమెరికా పిల్లలకు సాయంకాలమైనపుడు మనకు తెల్లవారుజాము. అకారసాధనకు మన పెద్దలు చెప్పిన వేళయు అదియే గదా!

మూడవది ఆకాశవాణి. స్వరపరీక్షలో నెగ్గిన కళాకారులను బి, బి-హై, ఎ, టాప్-ఎ అను శ్రేణులుగా నిర్ణయించి, తదనుగుణముగా పారితోషికము నిత్తురు. దానితోనే సంసారము గడవదు. కాని ఆ శ్రేణి చెప్పుకొనినచోట కచేరికిని, శిక్షణకును విలువ పెరుగును.

నాల్గవది పాఠశాలలలో సంగీతము చెప్పు పని. దీనికి యోగ్యతాపత్రము కావలెను. సికిందరాబాదులో గోపన్న పేరనే భక్తరామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వెలసినది. ఇట్టి కళాశాలలలో నాలుగేండ్ల సర్టిఫికేటు, పిదప రెండేండ్ల డిప్లొమా చదువులు గలవు. గురుముఖమున నేర్చిన విద్యకు ఈ పత్రము తోడైనచో మేలు.

విద్వాంసులకు నాదొక మనవి. రుసుము అడుగుట విద్యను అమ్ముకొనుట కాదు. నెల మొదటనే తీసికొనుడు. రాకపోకలు వ్రాసి యుంచుడు. ముహూర్తముల నెలలలో వచ్చినదానిలో కొంత శూన్యమాసములకు దాచుడు. అరువదియేండ్లు నిండి రాబడి లేని కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఆర్థిక సహాయ పథకము కలదు. కచేరీల ఆహ్వానపత్రములు, పత్రికలలో వచ్చిన వార్తలు పారవేయక భద్రపరచుడు. మీ సేవకు అవియే సాక్ష్యము.

ఉత్సవ సంఘముల వారికి, గ్రామ పెద్దలకు మరొక మనవి. పందిటికిని, దీపాలంకరణకును ముందే బేరమాడి సొమ్ము చెల్లింతుము. గాయకుని మాత్రము "దేవుని కార్యము, మీకు తోచినట్లు పాడుడు" అందుము. దేవుని కార్యమునకు దీపములవాడు ఉచితముగ వచ్చుట లేదు గదా! పారితోషిక మెంతయో ముందుగా చెప్పుడు. వాయులీనము, మృదంగము వాయించువారి వంతును, దారి ఖర్చును అందు చేర్చుడు. పాట ముగిసిన రాత్రియే చెల్లింపుడు. శాలువ కప్పుట గౌరవమే. కాని శాలువ నిచ్చి అంగడిలో బియ్యము తేలేము.

పాట కూడు పెట్టవలెనన్నచో వినువారు ముందుగా పాటకు కూడు పెట్టవలెను. ఈ యేడు మీ ఊరి ఉత్సవపు లెక్కలు వ్రాయునపుడు విద్వాంసుని పద్దు అన్నిటికంటె పైన వ్రాయుడని కోరుచు సెలవు గైకొనుచున్నాను.