కాస్ట్ అంటే ఏ కాస్టు?

(సంఘం మండల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకిచ్చిన అంశం మద్దతు ధర. దాని మీద మీరు చాలా ఉపన్యాసాలు విని ఉన్నారు. నేను ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఆ మాట కాస్ట్.

వెనక వరసలో నవ్వుతున్నారు. కులం గురించి కాదండీ. అయినా మన ఊళ్లలో కౌలుకు చేసేవాళ్ల జాబితా, భూమి ఉన్నవాళ్ల జాబితా పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కాస్టుకీ ఈ కాస్టుకీ ఉన్న చుట్టరికం తెలుస్తుంది. అది వేరే రోజు మాట్లాడుకుందాం.

డబ్బుకి సంబంధించిన కాస్ట్ అనే మాట మన తెలుగులో ఎప్పుడో కలిసిపోయింది. బట్టల కొట్లో చీర పట్టుకుని 'దీని కాస్ట్ ఎంత' అంటే ధర ఎంత అని. 'అబ్బో బాగా కాస్ట్లీ' అంటే ఖరీదైనదని. కోర్టులో కేసు ఓడిపోయినవాడి మీద కాస్ట్ వేశారంటే అవతలివాడి కోర్టు ఖర్చులు కూడా నువ్వే కట్టమని. అదే ఫ్యాక్టరీవాడు 'నా కాస్ట్ ఇంత' అంటే వస్తువు తయారు చెయ్యడానికి తనకైన ఖర్చు. అంటే కొనేవాడి నోట్లో అది ధర, తయారుచేసేవాడి నోట్లో అది ఖర్చు. ఒకే మాట రెండువైపులా కోసే కత్తి. ఎవరి చేతిలో ఉంది, ఎటు తిప్పారు అన్నది చూసుకోవాలి.

మరి రైతు నోట్లో? మనం కాస్ట్ అనం, పెట్టుబడి అంటాం. 'ఏం బాబాయ్, ఈ ఏడు ఎకరాకి ఎంతయింది?' అని అడిగితే వేళ్ల మీద లెక్క చెబుతాడు. దుక్కి, దమ్ము, విత్తనాలు, నాటు కూలి, ఎరువులు, పురుగుమందులు, కలుపు, కోత మిషను, ట్రాక్టరు బాడుగ. కౌలు రైతయితే కౌలు. అంతటితో ఆగిపోతాడు. జేబులోంచి పోయిన డబ్బే లెక్క. కాలవకి నీళ్లొచ్చిన రాత్రి గట్టు మీద పడుకున్నది లెక్కలోకి రాదు. ఇంట్లో ఆవిడ ఆకుమడి దగ్గర నుంచి కళ్లం దాకా చేసిన పని లెక్కలోకి రాదు. అదే పనికి బయటి మనిషిని పిలిస్తే సాయంత్రానికి కూలి చేతిలో పెట్టాలి. సొంత భూమి ఉన్నవాడు ఆ భూమి కౌలుకిస్తే వచ్చే డబ్బు లెక్క వెయ్యడు. అప్పు తెస్తే వడ్డీ వేస్తాడు గానీ, కిందటేడు పంట డబ్బే మళ్లీ మడిలో పోస్తే దానికి వడ్డీ వెయ్యడు.

ప్రభుత్వం మాత్రం వీటన్నిటినీ లెక్క వేస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ అని ఢిల్లీలో ఒకటుంది. 1965లో వ్యవసాయ ధరల కమిషన్‌గా మొదలైంది, 1985లో పేరు మారింది. పేరులో ఖర్చులు అనే మాట చేరిందే అప్పుడు. ఆ కమిషన్ వాడే లెక్కల్లో కాస్ట్ ఒక్కటి కాదు, చాలా ఉన్నాయి. వాటికి అక్షరాలు పెట్టారు. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. మూడు చాలు.

ఏ2 అంటే మన పెట్టుబడి. చేతిలోంచి పోయిన డబ్బు, సొంత విత్తనం, సొంత ఎడ్లు, పశువుల ఎరువు విలువ, పనిముట్ల అరుగుదల, కౌలుకు తీసుకుంటే కట్టిన కౌలు. ఎఫ్ఎల్ అంటే ఇంటిల్లిపాదీ చేసిన పని విలువ. ఈ రెండూ కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. మూడోది సీ2. అందులో వీటికి తోడు సొంత భూమికి కట్టిన కౌలు విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా ఉంటాయి. అసలు వ్యవసాయానికి అయిన పూర్తి ఖర్చు అదే.

ఇక అసలు సంగతి. 2004లో ఎం.ఎస్.స్వామినాథన్ గారి అధ్యక్షతన జాతీయ రైతు కమిషన్ వేశారు. 2006 దాకా అయిదు నివేదికలిచ్చింది. మద్దతు ధర ఉత్పత్తి ఖర్చు మీద కనీసం 50 శాతం ఎక్కువ ఉండాలని సిఫారసు చేసింది. రైతు సంఘాలన్నీ దాన్ని సీ2 మీద 50 శాతం అనే చదువుకున్నాయి, అలాగే అడుగుతున్నాయి. కానీ ఆ సిఫారసు వాక్యంలో ఉన్నది 'సగటు ఉత్పత్తి ఖర్చు' అనే మాటే. పక్కన సీ2 అని రాసిలేదు. నిజం నిజంగా చెప్పుకోవాలి. లేకపోతే రేపు ఏ అధికారో కాగితం తీసి మన ముఖాన పెడతాడు. ఖర్చు అంటే పూర్తి ఖర్చు కాక మరేమిటని మనం అనుకున్నాం. అనుకోవడంలో తప్పులేదు. కానీ ఆ సందులోంచే వాళ్లు దూరారు.

2007లో వచ్చిన జాతీయ రైతు విధానంలో ఆ సిఫారసుకి చోటివ్వలేదు. 2015లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకి, 50 శాతం కలిపితే మార్కెట్ దెబ్బతింటుందని అఫిడవిట్ ఇచ్చింది. 2018 బడ్జెట్‌లో మాత్రం ఖర్చుకి ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని చప్పట్లు కొట్టించుకున్నారు. ఏ ఖర్చుకి? ఏ2 ప్లస్ ఎఫ్ఎల్‌కి. మార్కెట్ మారలేదు, మాట అర్థం మారింది. స్వామినాథన్ గారికి 2024లో భారతరత్న కూడా ఇచ్చారు. సంతోషమే.

2025-26 ఖరీఫ్ లెక్క చూడండి. సాధారణ రకం వడ్లు క్వింటాకి ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ 1,579 రూపాయలు. దానికి ఒకటిన్నర రెట్లు 2,369. అదే మద్దతు ధర. కమిషనే లెక్కగట్టిన సీ2 2,090 రూపాయలు. దానికి ఒకటిన్నర రెట్లు అయితే 3,135. తేడా 766 రూపాయలు. ఎకరాకి 35 బస్తాలు పండిందనుకోండి. మన 75 కిలోల బస్తా లెక్కన 26 క్వింటాళ్ల పాతిక కిలోలు. గుణించండి. ఇరవై వేల నూట ఏడు రూపాయలు. ఎకరాకి, ఒక్క పంటకి. రెండు అక్షరాల మధ్య ఉన్న దూరం అది. అది కూడా మద్దతు ధర పూర్తిగా చేతికొస్తే. తేమ అని, తాలు అని, నూక అని కోసేది వేరే.

'సొంత భూమికి కౌలేమిటయ్యా, సొంత డబ్బుకి వడ్డీ ఏమిటి' అని చదువుకున్నవాళ్లు కూడా అడుగుతారు. సూటిగా సమాధానం చెప్పాలి మనం. కరెంటు ఛార్జీలు ఎలా కడతారో చూడండి. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ థర్మల్ ప్లాంటు కరెంటుకి రేటు కట్టేటప్పుడు బొగ్గు ఖర్చు వేస్తుంది, జీతాలు వేస్తుంది, అప్పుల మీద వడ్డీ వేస్తుంది, మిషన్ల అరుగుదల వేస్తుంది. వీటన్నిటితోపాటు యజమాని సొంతంగా పెట్టిన డబ్బు మీద 15.5 శాతం రాబడి కూడా వేస్తుంది. దాన్ని లాభం అనరు, స్థిర ఖర్చు అంటారు! మనం మీటరు దగ్గర కట్టేది అందులోంచే. యూరియా ఫ్యాక్టరీలకీ అంతే. 1977లో పెట్టిన ధరల పద్ధతిలో, పన్నులు పోగా సొంత పెట్టుబడి మీద 12 శాతం రాబడి కలిపే వాళ్లకి ధర కట్టారు. అది పాతికేళ్లు నడిచింది.

అంటే కంపెనీ కాస్ట్‌లో యజమాని సొంత సొమ్ముకి ప్రతిఫలం ఉంటుంది. రైతు కాస్ట్‌లో ఉండదు. ఒకే ప్రభుత్వం, ఒకే ఇంగ్లీషు మాట. మనం అడిగేది దానం కాదు. వాళ్లకి కొలిచిన కుంచంతోనే మాకూ కొలవమంటున్నాం.

ఇంకో అభ్యంతరం ఉంది, ఇది తేలిగ్గా కొట్టెయ్యదగ్గది కాదు. భూమి కౌలు విలువ కలిపి ధర పెంచితే, ధర చూసి భూస్వామి కౌలు పెంచుతాడు, మళ్లీ ఖర్చు పెరుగుతుంది అంటారు. డెల్టాలో ఇది నిజం. వడ్ల రేటు పది రూపాయలు పెరిగితే సంక్రాంతి దాటేలోపు కౌలు మాట మారిపోతుంది. అందుకే ధర పోరాటం, కౌలు పోరాటం విడదీసి చెయ్యడం కుదరదని నా అభిప్రాయం. కౌలుకి అదుపు లేకుండా సీ2 వస్తే, దాంట్లో పెద్ద ముక్క పొలంలో దిగనివాడి ఇంటికి పోతుంది.

కౌలు రైతులకి ఇంకో మోసం ఉంది ఈ లెక్కలో. ఏ2లో కౌలు కలుస్తుందని చెప్పాను కదా. మరి పాతిక బస్తాల కౌలు కట్టే రైతుకి 1,579 ఎలా సరిపోతుంది? ఆ సంఖ్య దేశం మొత్తానికి సగటు. అందులో కౌలే కట్టని సొంత రైతులు ఎక్కువ. వాళ్ల సున్నాలతో కలిపి సగటు తీస్తే మీ పాతిక బస్తాలు పలచబడి కాసిని గింజలవుతాయి. పాతిక బస్తాలంటే మద్దతు ధర ప్రకారమే 44 వేల పైచిలుకు. ముప్పై అయిదు పండితే మిగిలేది పది బస్తాలు, గడ్డి. ఆ గడ్డి విలువ కూడా కమిషన్ ఖర్చులోంచి తీసేస్తుంది సుమా.

బ్యాంకు దగ్గర కాస్ట్ మళ్లీ వేరు. జిల్లా సాంకేతిక కమిటీ ఎకరాకి ఇంత అని రుణ పరిమితి కడుతుంది. అది పంట అప్పుకి కొలత. తుఫానొచ్చి చేను పడిపోతే ఇంకో కొలత. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సాయం నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న పంటకి హెక్టారుకి 17,000, అంటే ఎకరాకి ఏడు వేలు కూడా కాదు. అది కూడా 33 శాతం పైగా నష్టపోతేనే, రెండు హెక్టార్ల వరకే. దాని పేరు చూడండి, ఇన్‌పుట్ సబ్సిడీ. నష్టపరిహారం అని ఎక్కడా ఉండదు. మళ్లీ విత్తుకోవడానికి చేసే సాయమంతే. పోయిన పంట విలువ కట్టాల్సిన పని తప్పించుకోవడానికి పెట్టిన పేరు అది. టీవీల్లో మాత్రం రైతులకి పరిహారం విడుదల అని వేస్తారు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. సంఘం తరఫున నోటు పుస్తకాలు తెచ్చాం. గ్రామానికి పది మంది రాయాలి. అందులో నలుగురు కౌలు రైతులు ఉండేట్టు గ్రామ కార్యదర్శులు చూడాలి. ఎడమ పేజీలో డబ్బు ఖర్చు, తేదీతో సహా, మందుల షాపు బిల్లు ఉంటే నంబరుతో. కుడి పేజీలో ఇంటివాళ్ల పని. ఎవరు, ఏ పని, ఎన్ని గంటలు, అదే పనికి ఆ రోజు ఊళ్లో కూలి ఎంత. కుడి పేజీ ఆడవాళ్లే రాస్తే మంచిది, మగవాళ్లకి వదిలితే ఖాళీగా తిరిగొస్తుంది. అప్పు తెచ్చినవాళ్లు నూటికి నెలకి ఎన్ని రూపాయల వడ్డీకి తెచ్చారో అసలు సంగతి రాయండి, పేర్లు అక్కర్లేదు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి ఇరవై నాలుగు, అది ఏ సగటులోనూ కనపడదు.

కోతలయ్యాక పుస్తకాలన్నీ మండల ఆఫీసుకి చేరాలి. కలెక్టరు గారికి ఇచ్చే వినతిపత్రంలో 'గిట్టుబాటు ధర ఇవ్వాలి' అని ఉత్తినే రాయడం ఈసారి వద్దు. సీ2 మీద 50 శాతం అని, మన ఊరి సీ2 ఇదీ అని అంకె వేసి, పుస్తకాల నకళ్లు జత చేసి ఇద్దాం. పుస్తకాలు ఆ బల్ల మీద ఉన్నాయి. సంతకం పెట్టి తీసుకెళ్లండి. ప్రశ్నలుంటే భోజనాల తర్వాత ఇక్కడే కూర్చుంటాను.