చాటలోని పన్ను, సీసాలోని పన్ను



మద్యం, పొగాకుల మీద ప్రభుత్వం వేసే పన్ను ప్రజల ఆరోగ్యం కొరకా, ఖజానా కొరకా అన్నది నేడు నాకు అప్పగించిన విషయం. షోలాపూరు తెలుగువారికి ఇది పండితుల వాదం కాదు. తెలంగాణ పల్లెల నుండి తరతరాలుగా వలస వచ్చిన మన కుటుంబాలు ఈ నగరపు తూర్పు పేటలలో పురుషుల మగ్గం మీద, స్త్రీల బీడీల మీద నిలబడినవి. పొగాకు పన్ను పెరిగితే పని తగ్గుతుందని భయపడేది మన ఇల్లే. బీడీ చవకగా దొరుకుతున్నందున దగ్గుతో మంచం పట్టేదీ మన ఇల్లే.

చట్టాల మాటలను నమ్మితే సమాధానం సులభం. మత్తు పానీయాల వాడకాన్ని నిషేధించే దిశగా రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం ఆదేశించింది. మన మహారాష్ట్రలో మద్యం వ్యాపారాన్ని నడిపే చట్టం పేరే మద్యనిషేధ చట్టం. 1949లో నాటి బొంబాయి రాష్ట్రం చేసినది. దుకాణానికి లైసెన్సు ఇచ్చేది ఆ నిషేధ చట్టమే. విదేశీ మద్యం సేవించడానికి ఇచ్చే పర్మిట్టులో అది సేవించేవాని ఆరోగ్య పరిరక్షణ నిమిత్తమని వ్రాసి ఉంటుంది. ప్రభుత్వంవారికి హాస్యరసం తెలియదనడం అన్యాయం.

కనుక పీఠికలను విడిచి లెక్కలను చూడవలె. పన్ను దేనిని కొలిచి వేశారు, దేనిని చవకగా వదిలారు, వచ్చిన సొమ్ము ఎటు పోయింది అన్నవి తెలిస్తే దాని ఉద్దేశం దానంతట అదే బయటపడుతుంది.

2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం విదేశీ తరహా మద్యంపై సుంకాన్ని తయారీ వెలకు మూడు రెట్ల నుండి నాలుగున్నర రెట్లకు పెంచింది. దేశీ మద్యంపై ప్రూఫ్ లీటరుకు 180 రూపాయలుగా ఉన్నది 205 రూపాయలు అయింది. చెప్పిన ప్రధాన కారణం ఏటా సుమారు 14,000 కోట్ల రూపాయల అదనపు రాబడి. అదే నిర్ణయంలో ధాన్యంతో ఇక్కడే తయారయ్యే మద్యానికి ఒక కొత్త తరగతిని సృష్టించారు. దాని వెల దేశీకి పైన, విదేశీ తరహాకు కింద. తాగుడు మాన్పించదలచినవారు మెట్ల మధ్యలో మరొక మెట్టు కట్టరు. పై మెట్టు ఖరీదైతే తాగేవాడు ఒక మెట్టు దిగుతాడే తప్ప ఇంటికి ఉత్త చేతులతో రాడు. కాలేయాన్ని చెరిపేది సీసా మీది పేరు కాదు, సీసాలోని ఆల్కహాలు. దేశీ మద్యానికి ఆల్కహాలు లెక్కన పన్ను వేయడం సరియైన పద్ధతే. కాని తయారీ వెలను బట్టి వేసే పన్ను చవక సరుకును మరింత చవకగానే ఉంచుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం కూడ చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997 నాటికి నిషేధం సడలింది. ఖజానా లోటే అందుకు చెప్పిన పెద్ద కారణం. ఇల్లాండ్ర కన్నీటికి రెండేళ్లు విలువ ఇచ్చిన రాజ్యం ఆపైన తన లెక్క తాను చూసుకుంది.

అంతమాత్రాన పన్ను వలన ఆరోగ్యానికి మేలే లేదని నేను అనను. వెల గట్టిగా పెరిగితే ముందుగా మానేది యువకులు, పేదలు. పొగాకు సరుకుల చిల్లర వెలలో కనీసం 75 శాతం పన్ను ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం ఇందుకే. పన్ను పెరిగితే కల్తీసారా పుడుతుందనే మాట తీసివేయదగినది కాదు. 2015లో ముంబయి మాల్వణిలో వందమందికి పైగా మరణించారు. కాని అది పోలీసులు తమ పని చేయవలసిన చోటు. పన్ను తగ్గించడానికి దానిని సాకు చేయరాదు.

ఇక మన బీడీ సంగతి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్టుకూ బీడీకీ ఒకే 28 శాతం. సిగరెట్టు మీద అదనంగా సెస్సు వేశారు, బీడీ మీద వేయలేదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్టును 40 శాతానికి ఎక్కించి, బీడీని 18 శాతానికి దించింది. తునికాకు మీద 18 శాతం 5 అయింది. బీడీకి ఈ కనికరం ఎవరి పేరు మీద? చాట ముందు నడుము వంచి కూర్చునే మన అక్కల పేరు మీద.

బీడీ పొగ సిగరెట్టు పొగకంటే మెత్తనిది కాదు. ఆకు సరిగా మండదు గనుక ఆరిపోకుండా మాటిమాటికి గట్టిగా పీల్చవలసి వస్తుంది. ఆకుతో చుట్టినందున అది చెట్టు మందు కాదు. చుట్టే చేతుల సంగతి చూస్తే, పొగాకు దుమ్ము ఊపిరిలోకి పోతుంది, మెడ, నడుము పట్టుకుంటాయి, చూపు మందగిస్తుంది. పన్ను పది శాతం తగ్గినప్పుడు వేయి బీడీల కూలి అంతకు అంత పెరగాలని ఎవరూ షరతు పెట్టలేదు. తాగేవానికి చవక, కార్ఖానాకు సౌకర్యం. చుట్టే అక్కకు పేరు మాత్రమే దక్కింది.

ఒకప్పుడు ఇందుకు భిన్నమైన పన్ను ఒకటి ఉండేది. 1976 నాటి చట్టం ప్రకారం బీడీలపై ప్రత్యేక సెస్సు వసూలు చేసేవారు. వేయి బీడీలకు కొద్ది రూపాయలే. కాని ఆ సొమ్ము కార్మికుల సంక్షేమ నిధికి పోయి దవాఖానాలు, పిల్లల విద్యార్థి వేతనాలు, ఇళ్ల సహాయంగా తిరిగి వచ్చేది. మన కుంభారి వద్ద బీడీ కార్మిక స్త్రీలకు కట్టిన, 2006లో అప్పగించిన పదివేల ఇళ్లను చూసినవారికి ప్రభుత్వ సహాయం, కార్మికుల సొంత వాటా కలిస్తే ఏమి సాధ్యమో వేరే చెప్పనక్కరలేదు. 2017లో జీఎస్టీతో పాటు ఆ సెస్సు రద్దయింది. పథకాలకు ఇప్పుడు సాధారణ బడ్జెటులో ఎంత కేటాయిస్తే అంతే. ఆరోగ్యానికి పోయే దారి స్పష్టంగా ఉన్న ఆ ఒక్క పన్నును పన్నుల సరళీకరణ పేరున తుడిచివేశారు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే కష్టం కలిగించేది ఇదే.

అందుచేత నా అభిప్రాయం ఇది: బీడీ మీద పన్ను సిగరెట్టుతో సమానంగా పెరగవలె, అందులో ఒక వాటా చట్టం ద్వారా బీడీ కార్మికులకే చెందవలె. ఛాతీ పరీక్షలకు, వృద్ధాప్య పింఛనుకు, వేరొక పని నేర్చుకోదలచిన వారికి శిక్షణకు ఆ సొమ్ము కర్చు కావలె. పన్ను పెరిగితే పని తగ్గుతుందన్న భయం నిజమైనదే. తగ్గేలోగా చేతికి ఇంకొక ఆధారం అందించే డబ్బు ఆ పన్నులోనే ఉన్నది. వాటా లేకుండా పన్ను మాత్రం పెంచుతామంటే దానిని నేను కూడ ఒప్పుకోను.

ఈ పన్నులలో ఏదీ నగరపాలిక వేసేది కాదు. కనుక ఈ కోరిక శాసనసభ్యుని వద్దకు, పార్లమెంటు సభ్యుని వద్దకు పోవలె. వార్డులో మన చేతిలో ఉన్నది వేరొకటి: 2003 నాటి చట్టం ప్రకారం విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మరాదు. మీ పిల్లల బడి గేటు నుండి పాన్ టపరీ వరకు అడుగులు లెక్కించి, తక్కువగా ఉంటే వార్డు కార్యాలయంలో వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉన్న అక్కలకు ఒక మాట. సెస్సు పోయినా పిల్లల విద్యార్థి వేతనం పోలేదు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయవచ్చును. కార్డు, పిల్లవాని మార్కుల పత్రం, బ్యాంకు పుస్తకం సిద్ధం చేసుకొని, గడువు తేదీ బడిలో అడిగి తెలుసుకోండి.