ఆరు నెలలు అంటే ఎవరి ఆరు నెలలు?

(బళ్ళారిలో జరిగిన స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "క్యాన్సర్ వైద్యంలో ఈమధ్య జరిగిన పరిశోధనల గురించి పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి. అందుకని మందుల కథ కొంత, లెక్కల కథ కొంత చెబుతాను. ఈ రెండూ కలిసేది ఒక ప్రశ్న దగ్గర. క్యాన్సర్ అని తెలిసిన ఏ ఇంట్లోనైనా మొదట నోటికి వచ్చే ప్రశ్న అది. "డాక్టరుగారూ, ఎన్నాళ్ళు?"

మా ఇంట్లోనూ అడిగాం. 1994లో మా బావగారికి బుగ్గ లోపల పుండు మానక, పరీక్ష చేయిస్తే క్యాన్సర్ అన్నారు. పత్తి మండీలో గుమాస్తా పని, నోట్లో ఎప్పుడూ ఆకు, వక్క, పొగాకు. పెద్ద ఊరి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. అక్కడి డాక్టరు వరండాలో నడుస్తూ నడుస్తూనే "ఆరు నెలలు" అని చెప్పి వెళ్ళిపోయారు. మేం ఆ మాటను క్యాలెండరులో తేదీలాగా తీసుకున్నాం. మా మేనకోడలు అప్పుడు పి.యు.సి. రెండో సంవత్సరం. తండ్రి కళ్ళముందే అయిపోవాలని రెండు నెలల్లో పెళ్ళి చేసేశాం. పరీక్ష రాయనేలేదు. నాలుగో నెల తర్వాత ఆసుపత్రికి వెళ్ళడం కూడా మానేశాం, ఇంకెందుకులే అని. బావగారు ఇరవై ఆరు నెలలు బతికారు. మనవణ్ణి ఎత్తుకున్నారు. కానీ చివరి ఏడాది నొప్పికి సరైన మందు లేకుండానే గడిచింది. రోజూ క్లాసులో మీడియన్ గురించి చెప్పే నేను ఆ రోజు వరండాలో "అది మీడియనా, సార్?" అని అడగలేదు.

పిల్లలకు మీడియన్ అంటే తెలుసు. పెద్దలకోసం చెబుతాను, తెలుగు పుస్తకాలలో మధ్యగతం అంటారు. ఒకే జబ్బు ఉన్న పదకొండు మందిని ఊహించుకోండి. వాళ్ళు వరుసగా 1, 2, 3, 4, 5, 6, 9, 14, 26, 48, 90 నెలలు బతికారనుకుందాం. వరుసలో సరిగ్గా మధ్యన నిలబడ్డవాడిది ఆరు నెలలు. అదే మీడియన్. ఈ వరుసలో సగటు తీస్తే దాదాపు పందొమ్మిది వస్తుంది. డాక్టర్లు సాధారణంగా చెప్పేది సగటు కాదు, మీడియన్. ఎడమ పక్కన వరుస సున్నా దగ్గర ఆగిపోతుంది, అంతకన్నా తక్కువ ఎవరూ బతకలేరు కదా. కుడి పక్కన మాత్రం తోక ఎంత దూరమైనా సాగవచ్చు. "ఆరు నెలలు" అన్న మాటలో ఆ తోక కనిపించదు. మధ్యన ఉన్న ఒక్కడి ఆయుష్షును పదకొండు మందికీ పంచిపెట్టేశాం మేము.

దీన్ని తన ప్రాణం మీదే లెక్క వేసుకున్న మనిషి ఒకాయన ఉన్నారు. స్టీఫెన్ జే గూల్డ్, అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో శిలాజాల శాస్త్రజ్ఞుడు. 1982 జూలైలో ఆయనకు కడుపులో మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ అని తేలింది. లైబ్రరీకి వెళ్ళి చూస్తే, నయం కాని జబ్బు, మీడియన్ ఎనిమిది నెలలు అని రాసి ఉంది. అప్పటికి ఆయన వయసు నలభై. మొదట నిర్ఘాంతపోయి, తర్వాత లెక్కలు తెలిసినవాడు కాబట్టి ఆలోచించాడు. సగం మంది ఎనిమిది నెలలు దాటారన్నమాటే కదా, ఆ సగంలో నేను ఉండే వీలెంత అని. తన వయసు తక్కువ, జబ్బు తొందరగా బయటపడింది, మంచి వైద్యం అందుతోంది, పైగా తనకు ఇస్తున్నది కొత్త చికిత్స, పాత అంకెలు పాత వైద్యానివి. ఈ సంగతులన్నీ 1985లో ఒక వ్యాసంగా రాశాడు. ఆయన 2002 మేలో చనిపోయాడు, ఇరవై ఏళ్ళ తర్వాత, వేరే క్యాన్సర్‌తో. అందరికీ అలా జరుగుతుందని నేను అనడం లేదు. ఆయన కూడా అనలేదు.

సరే, ఈ అంకెలు ఎలా కడతారు? ఇది లెక్కలు చదివే పిల్లలకోసం. కాస్త ఓపిక పట్టండి, అమ్మలూ.

రోగులను ఏళ్ళ తరబడి గమనిస్తుంటే కొందరు ఊరు మారిపోతారు, ఉత్తరానికి జవాబు రాదు. బతికున్నారో లేదో తెలియదు. వాళ్ళను ఎక్కడ లెక్కపెట్టాలి? పదిమందితో మొదలుపెడదాం. మూడో నెలలో ఒకరు పోయారు. మిగిలినవారు పదింట తొమ్మిది, అంటే 0.9. నాలుగో నెలలో ఒకరు ఊరు వదిలి వెళ్ళారు. ఇప్పుడు చేతిలో ఉన్నది ఎనిమిది మంది. ఆరో నెలలో ఇద్దరు పోయారు. ఎనిమిదింట ఆరు, అంటే 0.75. ఈ రెంటినీ హెచ్చవేస్తే 0.675. ఆరు నెలలు దాటేవారు వందకు 67 లేదా 68 అన్నమాట. ఊరు వదిలిన మనిషి పోయాడనుకుంటే వందకు 60 వచ్చేది, బతికున్నాడనుకుంటే 70 వచ్చేది. ఏదీ న్యాయం కాదు. ఆ మనిషి కనిపించినంతకాలం లెక్కలో ఉంచి, కనిపించని రోజు నుంచి తీసేయడమే న్యాయం.

ఈ పద్ధతిని కాప్లాన్, మేయర్ అనే ఇద్దరు అమెరికా గణితజ్ఞులు 1958లో ప్రచురించారు. మేయర్ వైద్యానికి సంబంధించిన లెక్కలు చూసేవాడు. కాప్లాన్ బెల్ ప్రయోగశాలలో సముద్రం అడుగున వేసిన టెలిఫోను తీగలలోని వాక్యూమ్ ట్యూబులు ఎన్నాళ్ళు పనిచేస్తాయో చూసేవాడు. ట్యూబు ఆయుష్షూ మనిషి ఆయుష్షూ ఒకే లెక్కలో దొరికాయి. ఇద్దరూ విడివిడిగా అదే పని చేస్తున్నారని తెలిసి కలిపి ఒక్క వ్యాసం రాయడానికి నాలుగేళ్ళు పట్టింది. ఈనాడు ఏ క్యాన్సర్ మందు పరిశోధన తెరిచినా మెట్లు మెట్లుగా దిగే గీత ఒకటి ఉంటుంది. అది వీళ్ళదే.

రెండు మందుల గీతలు పక్కపక్కన గీస్తే, ఆ తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని తేల్చడానికి లాగ్ ర్యాంక్ అనే పరీక్ష చేస్తారు. లోతుకు వెళ్ళి చూస్తే అది స్కోర్ టెస్ట్ అనే కుటుంబానికి చెందినది. ఆ స్కోర్ టెస్టును 1948లో చెప్పినవారు సి.ఆర్.రావుగారు. ఆయన పుట్టింది ఎక్కడనుకున్నారు? ఇక్కడికి దగ్గరే, హడగలిలో, 1920 సెప్టెంబరు 10న, తెలుగు కుటుంబంలో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్ళి ప్రపంచమంతా తెలిసినవారయ్యారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో వెళ్ళిపోయారు. హడగలి మీదుగా బస్సులో వెళ్ళే మన పిల్లల్లో ఎందరికి ఈ సంగతి తెలుసో చేతులెత్తమంటే నాకే బాధ కలుగుతుంది, అందుకని అడగను.

ఇక మందులకు వద్దాం. అంకె మారేది మందు వల్లనే కదా.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఉన్నప్పుడు ఆయన బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ప్రచురించిన వ్యాసం ప్రకారం పదహారు మంది పిల్లల్లో పదిమందికి గుణం కనిపించింది. కనిపించింది, నిలవలేదు. కొద్ది నెలల్లో జబ్బు తిరగబెట్టింది. అప్పటి అంకె చూసి వదిలేసి ఉంటే అక్కడితో ఆగిపోయేది. తర్వాత మందులు కలిపి ఇవ్వడం, ఏళ్ళ తరబడి కొనసాగించడం నేర్చుకున్నారు. ఈనాడు బాగా వైద్యం అందే దేశాలలో పిల్లలకు ఎక్కువగా వచ్చే ఆ రకం రక్త క్యాన్సర్‌లో వందకు దాదాపు తొంభై మంది అయిదేళ్ళు దాటుతున్నారు. సుబ్బారావుగారు మాత్రం ఆ 1948 ఆగస్టులోనే పోయారు, ఏదీ చూడకుండా.

మెల్లగా ముదిరే మరో రక్త క్యాన్సర్ ఉంది, క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా. రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడం వల్ల ఒక చెడ్డ ప్రోటీను పుట్టి, కణాలను ఆగకుండా పెంచుతుంది. ఆ ప్రోటీనును పట్టి ఆపే ఇమాటినిబ్ మాత్ర 2001లో అమెరికాలో అనుమతి పొందింది. అంతకుముందు కొన్నేళ్ళలోనే ప్రాణం తీసే జబ్బు అది. 2017లో ప్రచురించిన లెక్కలో, ఆ మాత్రతో మొదలుపెట్టినవారిలో పదేళ్ళకు వందకు 83 మంది బతికున్నారు. కంపెనీ మందు మన దేశంలో నెలకు లక్ష పైన పడేది, ఇక్కడి కంపెనీల మందు పదివేల లోపు. పేటెంటు కోసం వేసిన కేసును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న కొట్టివేసింది. లాయరు కావాలనుకునే పిల్లలు ఆ తీర్పు చదవండి.

మా బావగారి జబ్బుకు సంబంధించినది ఇంకొకటి. నోరు, గొంతు క్యాన్సర్లు మన దేశంలో ఎక్కువ, ముదిరిన తర్వాత వచ్చేవారే ఎక్కువ. ఇమ్యునోథెరపీ అని, మన ఒంటిలోని రక్షణ కణాలనే జబ్బు మీదికి ఉసిగొల్పే ఇంజక్షన్లు వచ్చాయి కానీ ఖరీదు సామాన్యుడికి అందదు. ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు ఆ ఇంజక్షన్లలో ఒకటైన నివోలుమాబ్‌ను మామూలు మోతాదులో పదోవంతు కంటే తక్కువగా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చి చూశారు. మొత్తం రోగులు 151 మంది. అందరికీ చవక మాత్రలు, సగం మందికి వాటితోపాటు ఈ ఇంజక్షను. ఫలితం 2022లో వచ్చింది. ఏడాది తర్వాత బతికున్నవారు మాత్రలు మాత్రమే వాడినవారిలో వందకు 16, ఇంజక్షను కూడా తీసుకున్నవారిలో వందకు 43. ఆ చవక మాత్రలలో ఒకటి మెథోట్రెక్సేట్, సుబ్బారావుగారి ప్రయోగశాలలోనే పుట్టిన అమినోప్టెరిన్‌కు తోబుట్టువు.

ఇప్పుడు అదే పరిశోధనలో మీడియన్ చూడండి. 6.7 నెలల నుంచి 10.1 నెలలకు పెరిగింది. మీడియన్ ఒక్కటే వింటే "మూడు నెలలకోసం ఇంత ఖర్చా" అంటాం. ఏడాది లెక్క వింటే వేరే సంగతి తెలుస్తుంది. రెండూ నిజమే, ఒకే గీత మీద రెండు చోట్ల నిలబడి చూసినవి.

డాక్టర్ల అంచనా ఎంత సరిగ్గా ఉంటుందని కూడా లెక్క తీశారు. 2000 సంవత్సరంలో చికాగో పరిశోధన ఒకటి వచ్చింది. చివరి దశ సంరక్షణలో చేరిన 468 మంది రోగుల గురించి 343 మంది డాక్టర్లను అడిగారు. అయిదింట ఒక అంచనా మాత్రమే నిజానికి దగ్గరగా ఉంది. వందకు 63 అంచనాలు ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పాయి. రోగితో పరిచయం పెరిగినకొద్దీ తప్పు కూడా పెరిగిందట, మనసు ఒప్పుకోదు కాబోలు. అంటే మా బావగారి విషయంలో జరిగింది మామూలుగా జరిగేదానికి తలకిందులు. డాక్టరు చెప్పినదానికన్నా ఎక్కువే బతుకుతారని ధీమాగా ఉండడానికి కూడా లేదు. రెండు వైపులా తప్పే అవకాశం ఉన్న అంకె మీద ఒక పిల్ల చదువు నిలిపాం, అదీ నేను చెప్పేది.

కొత్త పరిశోధనల్లో అంచనాను తేదీ చెప్పడానికి కాక, వైద్యం ఎంచుకోవడానికి వాడుతున్నారు. రొమ్ము క్యాన్సర్ గడ్డలో 21 జన్యువులను చూసి, జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంతో మార్కు వేసే పరీక్ష ఒకటుంది. పదివేల మందికి పైగా స్త్రీలతో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. గ్రంథులకు పాకని ఒక రకం రొమ్ము క్యాన్సర్‌లో, మధ్యస్థ మార్కు వచ్చినవారిలో చాలామందికి కీమో వల్ల అదనపు లాభం లేదని, హార్మోను మాత్రలు చాలునని తేలింది. యాభై లోపు వయసువారిలో కొందరికి మాత్రం కీమో కొంత మేలు చేస్తుంది. జుట్టు ఊడకుండా, వాంతులు లేకుండా గడిచిపోయే ఆ స్త్రీలకు ఇది చిన్న సంగతి కాదు. పరీక్ష ఖరీదు మాత్రం ఇంకా మనకు భారమే.

నొప్పి గురించి ఒక్క మాట. బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు మొదటి నుంచే నొప్పి, ఆయాసం, దిగులు చూసే పాలియేటివ్ డాక్టర్లను కూడా జతచేశారు. 2010లో ఫలితం వచ్చింది. వాళ్ళ మీడియన్ 11.6 నెలలు, మామూలు వైద్యం మాత్రమే పొందినవారిది 8.9 నెలలు. "ఇంకెందుకులే" అని మేము మానేసింది ఇలాంటి వైద్యమే.

కాబట్టి ఎవరి ఇంట్లోనైనా ఈ కష్టం వస్తే, వరండాలో కాకుండా కూర్చుని మాట్లాడడానికి పది నిమిషాలు అడగండి. చదువుకున్న పిల్లలు పక్కన ఉండండి. ఆ అంకె మీడియనా, ఏ దశ రోగులది, ఏ సంవత్సరం నాటిది, వైద్యం తీసుకున్నవారిదా తీసుకోనివారిదా అని అడగండి. వందమందిలో ఏడాదికి ఎందరు, అయిదేళ్ళకు ఎందరు అని అడిగితే డాక్టరుకు కూడా చెప్పడం సులువు. కోపగించుకునే డాక్టర్లూ ఉంటారు, మర్యాదగా రెండోసారి అడగండి.

ఈ ఏడాది దరఖాస్తులు చూసే పని నాకు కూడా అప్పగించారు. చదువు మధ్యలో ఆగడానికి కారణం రాయమన్న చోట ఇద్దరు ఆడపిల్లలు "నాన్నగారి అనారోగ్యం" అని రాశారు. ఆ రెండు కాగితాలు వేరుగా తీసి పెట్టాను. వాళ్ళకు ఫీజు మాత్రమే కాక, మళ్ళీ చేరడానికి ఏడాది గడువు కూడా ఇవ్వాలని కమిటీని అడిగాను, ఒప్పుకున్నారు. ఆ అమ్మాయిలు ఈ సభలో ఉంటే భోజనాల తర్వాత పక్క గదికి రండి, నేను అక్కడే ఉంటాను. ఆసుపత్రి ఫైళ్ళు ఉన్నవారు ఎవరైనా తీసుకురావచ్చు. వైద్య సలహా చెప్పను, ఆ అర్హత నాకు లేదు. డాక్టరును అడగవలసిన ప్రశ్నలు మాత్రం కన్నడంలోనో తెలుగులోనో, మీకు వీలైనట్టు కాగితం మీద రాసి ఇస్తాను.