ట్రాక్టరు బ్యాటరీ: లోపమెక్కడ?



తొలకరి పదునులో ట్రాక్టరు స్టార్టు కాకున్న, వెంటనే క్రొత్త బ్యాటరీ కొనకుడు. లోపము ఆల్టర్నేటరుదైన క్రొత్తదియు కొద్ది రోజులలోనే దిగిపోవును. మన్సూరాబాద్ ప్రక్కనున్న ఆటోనగరుకు బండిని తోలకముందే ఇంటివద్ద ఈ పరీక్ష చేసికొనుడు.

ఇంజను ఆపి, బెల్టు వదులైనదేమో చూడుడు. టెర్మినళ్ళకు పట్టిన తెల్లని పొడిని తుడిచి బిగింపుడు. కొన్ని గంటలు ఆగిన పిదప మీటరు పెట్టిన, నిండు ఛార్జిలోనున్న 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 చూపును. ఇంజను నడుచునపుడు అది 14 ప్రాంతమునకు పెరుగవలెను. పెరుగకున్న ఛార్జింగు అందుట లేదు. 15 దాటిన రెగ్యులేటరును చూపింపుడు. లేకున్న బ్యాటరీలో నీరు ఇగిరిపోవును. సరిగా పెరిగియు తెల్లవారుసరికి దిగిపోయిన, అప్పుడు బ్యాటరీని అనుమానింపుడు.

ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగను మాత్రము ఊడదీయరాదు. ఆల్టర్నేటరులోని డయోడ్లు కాలిపోవచ్చును. ముందు కొలత, పిదప కొనుగోలు.