పూర్తికాని ఆటకు ముందే పైకం

(తోట్లవల్లూరులో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను అనేది సర్కారు దయతలచి ఇచ్చేది కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కనీ అందులో స్పష్టం చేసింది. అందుకే ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. ఈ వేదిక మీద మామూలుగా డి.ఆర్. బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు "ఇంట్లో డబ్బు విషయాలు ఏవైనా చెప్పండి" అన్నారు. నేను ఎంచుకున్న విషయం వింటే మీకు నవ్వు రావచ్చు. ఇంకా తయారుకాని ఆన్‌లైన్ ఆటకు ముందుగానే డబ్బు వసూలు చేయడం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. డెబ్బయి దాటినవాడికి ఆటల గొడవ ఎందుకని అనుకోకండి. ఆ గొడవ నా పెన్షను ఖాతాలో నుంచే మొదలైంది.

మొన్న దసరా సెలవులకు మా అబ్బాయి కొడుకు వచ్చాడు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఒక సాయంత్రం కరకట్ట మీద నడిచి ఇంటికి వచ్చేసరికి నా ఫోనులో బ్యాంకు నుంచి సందేశం ఉంది. రూ. 1,299/- ఖర్చు రాశారు. నేను ఎవరికీ పంపలేదే అని అడిగితే వాడు తలవంచుకుని, "నేనే తాతయ్యా. ఒక ఆట కొన్నాను. పిన్ నాకు తెలుసు గదా. మీకు చెబుదామనే అనుకున్నాను" అన్నాడు. సరే, ఆట ఏదీ చూపించమన్నాను. "ఇంకా పూర్తిగా తయారు కాలేదు తాతయ్యా. ముందే కొన్నవాళ్ళకు ఇప్పుడే ఆడుకోనిస్తారు" అన్నాడు.

నాకు కోపం ఆగలేదు. అడగకుండా డబ్బు తీయడం ఒక తప్పు. పైగా తయారుకాని వస్తువుకు ఇవ్వడం ఏమిటి! జూదానికి అలవాటు పడ్డావా అన్నాను. దొంగతనం అన్నాను. ఆ మాట అనవలసింది కాదు. వాడు అన్నం తినకుండా పడుకున్నాడు. అప్పుడు మా ఇంటావిడ వంటింట్లో నుంచి వచ్చి నెమ్మదిగా, "ఏమండీ, పన్నెండు వందల ఆటకు పసివాణ్ణి ఇంతగా అన్నారు. మరి మన ఫ్లాటు ఎంతవరకు వచ్చింది?" అంది.

ఆ ఫ్లాటు సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. మా అబ్బాయికి కూడా చెప్పలేదు. ఇవాళ మీ అందరి ముందు చెబుతున్నాను. 2015లో రాజధాని వస్తోందని మన చుట్టుపక్కల భూముల గురించి ఎక్కడ చూసినా అదే మాట. ఒకరు రంగుల కాగితం తెచ్చి, ఇంకా పునాది తీయకముందే బుక్ చేసుకుంటే సగం ధరకు ఫ్లాటు అన్నారు. దాన్ని ప్రీ లాంచ్ అంటారట. నా గ్రాట్యుటీలో మిగిలిన మూడు లక్షలు ఇచ్చి రసీదు తీసుకున్నాను. స్తంభాలు లేచాయి. అక్కడితో ఆగిపోయాయి. ఆ రసీదు ఇప్పటికీ బీరువాలోనే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా మనవడు చేసిన పనికీ నేను చేసిన పనికీ తేడా ఏమిటా అని ఆలోచించాను.

తెల్లవారి వాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఫోను అడగకుండా వాడడం తప్పని చెప్పాను. నేనన్న మాట కూడా తప్పేనని ఒప్పుకున్నాను. ఆ తరువాత, "ఈ వ్యవహారం నాకు మొదటినుంచీ చెప్పు" అన్నాను. వాడు చెప్పింది, నేను చదివి తెలుసుకున్నది కలిపి మీకు చెబుతాను.

దీన్ని ఎర్లీ యాక్సెస్ అంటారు. ముందస్తు ప్రవేశం అనుకోవచ్చు. ఆట తయారు చేయడానికి ఏళ్ళు పడుతుంది. చిన్నవాళ్ళకు బ్యాంకులు అప్పివ్వవు. సగం తయారైన ఆటను అమ్మి, ఆ డబ్బుతో మిగతాది పూర్తి చేస్తారు. ముందు కొన్నవాళ్ళు ఆడి లోపాలు చెబుతారు. స్వీడన్ దేశంలో ఒకాయన దాదాపు ఒంటిచేత్తో మైన్‌క్రాఫ్ట్ అనే ఆట మొదలుపెట్టి 2009లోనే అమ్మాడు. పూర్తి వెల సుమారు 20 యూరోలని చెప్పి, మొదట దాదాపు 10కి ఇచ్చాడు. ఆట కొంత ముందుకు వెళ్ళాక, 2010 డిసెంబరులో 15 చేశాడు. 2011 నవంబరులో ఆట పూర్తయింది. మొదట్లో కొన్నవాళ్ళు మళ్ళీ పైసా కట్టనక్కరలేకపోయింది. 2014లో ఆ కంపెనీని మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2013లో స్టీమ్ అనే పెద్ద ఆటల దుకాణం ఈ పద్ధతికి ప్రత్యేకంగా ఒక విభాగమే తెరిచింది. బాల్డర్స్ గేట్ 3 అనే ఆటను 2020 అక్టోబరులో సగంలో అమ్మి, 2023 ఆగస్టులో పూర్తిచేసి ఇచ్చారు.

ఇక రెండో వైపు. ద డే బిఫోర్ అనే ఆన్‌లైన్ ఆటను 2023 డిసెంబరు 7న ఇదే ముందస్తు పద్ధతిలో అమ్మకానికి పెట్టారు. నాలుగు రోజులకే కంపెనీ మూసేస్తున్నామని ప్రకటించారు. 2024 జనవరిలో ఆట ఆగిపోయింది. కొన్నవాళ్ళకు డబ్బు తిరిగి ఇచ్చారు కనుక సరిపోయింది. స్టార్ సిటిజన్ అని మరో ఆట ఉంది. 2012 నుంచి జనం దగ్గర డబ్బు తీసుకుంటూనే ఉన్నారు. 2024 నాటికి 70 కోట్ల డాలర్లు దాటింది. అప్పటికీ పూర్తి ఆట రాలేదు.

ఆన్‌లైన్ ఆటలో ఇంకొక చిక్కు ఉంది. కొన్న పుస్తకం మన అలమరలో ఉంటుంది. ఇలాంటి ఆట నడవాలంటే కంపెనీ వారి కంప్యూటర్లు నడుస్తూ ఉండాలి. వాళ్ళు తాళం వేస్తే మన చేతిలో ఏమీ మిగలదు.

నేను ఇరిగేషను శాఖలో ఎల్.డి.సి.గా చేరి సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. నా సర్వీసంతా బిల్లులతోనే గడిచింది. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత దివిసీమలో గట్ల పనులకు ఎన్ని బిల్లులు రాశామో లెక్కలేదు. అందులో చాలావరకు పూర్తికాని పనులకు ఇచ్చినవే. కంట్రాక్టరు మూడోవంతు మట్టి పోస్తే రన్నింగ్ బిల్లు పెట్టేవాడు. పని అయ్యేదాకా ఆగమంటే కూలీలకు ఏమిస్తాడు? అయితే అతని నోటిమాట మీద ఇచ్చేవాళ్ళం కాదు. జె.ఇ. గారు టేపు పట్టి కొలిచి ఎం. బుక్కులో రాయాలి. పై అధికారి మళ్ళీ కొలిచి సంతకం చేయాలి. కొలతకు వచ్చినంతకే బిల్లు. అందులోనూ కొంత సెక్యూరిటీ డిపాజిట్ కింద పట్టి ఉంచి, గడువు తీరి, లోపం లేదని తేలాకనే విడుదల.

అందుచేత మిత్రులారా, పూర్తికాని దానికి డబ్బు తీసుకోవడం తప్పని నేను అనను. మన నూజివీడు వైపు మామిడి తోటలను పూత మీదనే కొంటారు. వడగళ్ళు పడితే కొన్నవాడిదే నష్టం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కనుకనే ధర తగ్గుతుంది. ముందుగా పైకం ఇచ్చేవాడు నష్టభయాన్ని కూడా మోస్తున్నాడు. దానికి తగిన ధర, దానికి తగిన నిజం అతనికి దక్కాలి. ఎంత పని అయింది, ఎంత మిగిలింది అనే కొలత అతని ముందు పెట్టాలి. కొలత లేకుండా, రేపటి మాట చూపించి ఇవాళ పూర్తి వెల తీసుకుంటేనే అది తప్పు.

మన ఉమ్మడి జిల్లా పెద్దల సంగతి ఒకటి చెబుతాను. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము తలపెట్టి, సంపుటాలుగా వెలువరించారు. 1923లో ఆయన కాలం చేసే నాటికి అది పూర్తికాలేదు. తరువాత మన ఎలకుర్రు వాసి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పని ఎత్తుకున్నారు. 1938లో ఆయనా కన్నుమూశారు. సర్వస్వం పూర్తికానే లేదు. అయినా కొన్నవాళ్ళు మోసపోయామని అనుకొని ఉండరు. ఎందుకంటే చేతికి వచ్చిన సంపుటం వరకు అది చదువుకోదగిన గ్రంథమే. ఇవాళ చేతికి ఇచ్చినదే ఇచ్చిన డబ్బుకు సరిపోయింది.

ఇళ్ళ విషయంలో సర్కారు ఈ కొలతను చట్టంలో పెట్టింది. 2016లో రెరా చట్టం వచ్చింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమలైంది. ఆ చట్టం కిందకు వచ్చే ప్రాజెక్టును రిజిస్టరు చేయకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. ఒప్పందం రిజిస్ట్రేషను కాకుండా వెలలో పదోవంతుకు మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల డబ్బులో నూటికి 70 వంతులు వేరే ఖాతాలో ఉంచాలి. ఎంత పని జరిగిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధృవీకరిస్తే అంతమేరకే తీయాలి. ఇది చదివినప్పుడు మా ఎం. బుక్కే గుర్తుకొచ్చింది. నేను డబ్బు ఇచ్చిన తరువాత వచ్చింది ఆ చట్టం. మీ పిల్లలు ఇప్పుడు ఎవరికైనా ప్రీ లాంచ్ అని డబ్బు ఇస్తామంటే, రెరా నంబరు అడగమనండి.

ఆటలకు ఇలాంటి ప్రత్యేక ఏర్పాటు లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఆన్‌లైన్‌లో కొనే డిజిటల్ వస్తువులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. స్టీమ్ దుకాణంలో అయితే కొన్న 14 రోజులలోపు, ఆడిన సమయం రెండు గంటలు మించకపోతే డబ్బు వాపసు అడగవచ్చు. మా వాడు అప్పటికే ముప్పై గంటలు ఆడాడు. ఇంకేం వాపసు!

జూదం సంగతి కూడా విడిగా చెప్పాలి. పందెం డబ్బు కట్టి, గెలిస్తే డబ్బు వస్తుందని ఆడించే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. మా వాడు కొన్నది అది కాదు. ప్రవేశ రుసుము కట్టి ఆడుకునే ఆట. తెలియక నేను రెండింటినీ ఒకే గాటన కట్టాను.

వాడు నాకు ఆ ఆట అమ్మే పేజీ చూపించాడు. ఏవి పనిచేస్తున్నాయి, ఏవి పనిచేయడం లేదు, ఇంకా ఏమేమి చేర్చాలనుకుంటున్నారు, పూర్తయ్యాక ధర పెరుగుతుందా లేదా అన్నీ రాశారు. ఇప్పుడున్న స్థితిలో నచ్చకపోతే ఆగి చూడమని కూడా రాసి ఉంది. నేను మూడు లక్షలు ఇచ్చిన రంగుల కాగితంలో ఈపాటి నిజాయితీ లేదు. ఎప్పటికి పూర్తవుతుందో మాత్రం తేదీ వేయలేదు. "తేదీ లేని పనికి నువ్వు ఎంత లెక్క కట్టావు?" అని అడిగాను. "ఇవాళ ఉన్న ఆటే నాకు చాలు తాతయ్యా. మిగతాది వస్తే మంచిదే" అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. 2015లో నేను ఆ మాట అనుకోలేకపోయాను. స్తంభాలలో ఎవరు కాపురం ఉంటారు?

ఇప్పుడు మేమిద్దరం ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాం. దానికి ఎం. బుక్కు అని పేరు రాశాడు. ఆట తయారు చేసేవాళ్ళు ఏమి ఇస్తామన్నారు, ఏమి ఇచ్చారు అని నెలనెలా రాస్తాడు, ఫోనులో నాకు చదివి వినిపిస్తాడు. ఇప్పటికి మూడు పద్దులు. రెండు జరిగాయి, ఒకటి జరగలేదు. నా ఫోను పిన్ మార్చాను. కొత్తది మా ఇంటావిడకు మాత్రమే తెలుసు. వాడికి ఏదైనా కావాలంటే ముందుగా అడుగుతాడు, నేను అరవకుండా వింటాను. అదీ మా ఒప్పందం.

ఇక ఆ రసీదు. పోయిన నెల దాన్ని బీరువాలో నుంచి తీసి మా అబ్బాయి చేతిలో పెట్టాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పదేళ్ళు ఎందుకు దాచారు నాన్నా?" అన్నాడు. న్యాయవాదికి చూపించాం. కాగితాలు చూసి చెబుతానన్నారు. వస్తుందో రాదో తెలియదు. మీలో ఎవరి బీరువాలోనైనా ఇలాంటి రసీదు ఉంటే, ఇవాళ ఇంటికి వెళ్ళగానే పిల్లలకు చూపించండి. పరువు పోతుందని దాచవద్దు. మనం చెప్పకపోతే వాళ్ళూ మనకు చెప్పరు.