అప్‌డేట్లు ఆగిన ఫోను: పారేయాలా, వాడుకోవాలా?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)



నేను పదో తరగతి దాకా చదివాను. ఫోన్లు బాగుచేసే పని నాకు రాదు. కానీ ఈ ఏడాది మా సంఘంలో ఫోన్ల గురించి పెద్ద చర్చే జరిగింది. దాని కోసం నలుగురినీ అడిగి తెలుసుకున్న సంగతులు మీకూ పనికొస్తాయని ఇక్కడ నిలబడ్డాను.

జరిగింది ఇది. ఒకే నెలలో ముగ్గురు సభ్యులు అంతర్గత అప్పు అడిగారు. ఇద్దరు ఫోను కోసం, ఒకరు కుట్టు మిషను కోసం. ముగ్గురికీ సరిపడా డబ్బు సంఘంలో లేదు. ఫోను అడిగిన ఇద్దరూ ఒకే మాట చెప్పారు. "ఫోనుకి అప్‌డేట్లు ఆగిపోయాయంట, ఇంక పనికిరాదంట, షాపతను చెప్పాడు" అని. అప్పుడు మేం వెంటనే తీర్మానం రాయలేదు. రెండు ఫోన్లూ తెచ్చి చాప మీద పెట్టమన్నాం.

మొదటి ఫోనుకి తెర బాగుంది. బ్యాటరీ పూట కూడా నిలవట్లేదు, లోపల చోటంతా ఫొటోలతో నిండిపోయింది. ఆ అక్క దాన్ని మాట్లాడటానికి, వాట్సాప్‌కి, పిల్లాడి పాఠాలకి వాడుతుంది. రెండో ఫోను మా రెండో లీడరుది. అది ఇంకా పాతది. సంఘం ఖాతా మెసేజీలు, ఓటీపీలు వచ్చేది దానికే. మొదటి ఫోనుకి బ్యాటరీ మార్పించి, లోపల శుభ్రం చేశాం. అప్పు అవసరం లేకపోయింది, ఆ డబ్బు కుట్టు మిషనుకి వెళ్లింది. రెండో లీడరుకి మాత్రం కొత్త ఫోనుకి అప్పు ఇచ్చాం.

రెండు ఫోన్లకీ అప్‌డేట్లు ఆగిపోయాయి. కానీ నిర్ణయం ఒకటి కాదు. ఎందుకని? ఫోను వయసు ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ ఫోనులో ఎవరి డబ్బు ఉందో కూడా చూడాలి. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా ఇది ఎలా చేయాలన్నదే.

అసలు అప్‌డేట్ అంటే ఏంటి? మన ఇంటికి తలుపులు, కిటికీలు ఉన్నట్టే ఫోనుకీ ఉంటాయి. ఎక్కడో గొళ్లెం వదులుగా ఉందని తెలియగానే కంపెనీ దాన్ని బిగించి పంపిస్తుంది. అదే సెక్యూరిటీ అప్‌డేట్. కొన్నేళ్లకి ఆ మోడలుకి పంపడం మానేస్తారు. ఆ రోజున ఫోను చచ్చిపోదు, నిన్నటిలాగే పనిచేస్తుంది. కాకపోతే ఆ తర్వాత బయటపడే వదులు గొళ్లేలను బిగించేవాళ్లు ఉండరు. అందుకే షాపులో "పనికిరాదు" అన్న మాటా పూర్తిగా నిజం కాదు, ఇంట్లో "ఏం కాదులే" అనుకోవడమూ నిజం కాదు.

మీ ఫోను ఏ స్థితిలో ఉందో మీరే చూసుకోవచ్చు. సెట్టింగ్స్ తెరిచి బాగా కిందికి వెళ్తే 'ఫోన్ గురించి' అని ఉంటుంది. అందులో ఆండ్రాయిడ్ వెర్షన్ నంబరు, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటాయి. ఆ తేదీ రెండు మూడు నెలల కిందటిదైతే దిగులు లేదు. రెండు మూడేళ్ల కిందటిదైతే మీ ఫోనుకి కంపెనీ కాపలా పోయినట్టే, ఇక కాపలా మనదే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడుతున్నారు. ఫోను అప్‌డేట్ వేరు, యాప్ అప్‌డేట్ వేరు. ఫోను అప్‌డేట్ కంపెనీ నుంచి వస్తుంది. వాట్సాప్, ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌ల అప్‌డేట్లు ప్లే స్టోర్ నుంచి వస్తాయి. మొదటిది ఆగినా రెండోది ఇంకా కొన్నేళ్లు వస్తూనే ఉంటుంది. ఆండ్రాయిడ్ 10, ఆ పైన ఉన్న చాలా ఫోన్లలో 'గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్' అని మరొకటి ఉంటుంది. కంపెనీ ఆపేసినా కొన్ని గొళ్లేలు దానితో బిగుస్తాయి. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ దగ్గర వెతికి నెలకోసారి నొక్కి చూడండి.

అయితే యాప్‌లు కూడా ఎప్పటికీ రావు. 2025 మొదట్లో ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన క్రోమ్ 139కి కనీసం ఆండ్రాయిడ్ 10 ఉండాలి. అంటే ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లలో క్రోమ్ పాతదే ఉంటుంది, తెరుచుకుంటుంది కానీ కొత్తది ఎక్కదు. అలాంటి ఫోనులో ఎవరో పంపిన లింకులు తెరవకపోవడమే మంచిది.

మన సంఘాలకి పంచసూత్రాలు ఉన్నట్టే, పాత ఫోనుకి కూడా ఐదు పనులు పెట్టుకున్నాం.

మొదటిది, చోటు ఖాళీ చేయడం. ఫోను నిండిపోతే యాప్ అప్‌డేట్లు ఎక్కవు. "అప్‌డేట్ రావట్లేదు" అనేవాళ్లలో చాలామంది ఇబ్బంది ఇదే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' తెరిచి, 'మేనేజ్ స్టోరేజ్'లో పెద్ద వీడియోలు తీసేయండి. ఫొటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా అక్కడే ఆపేయండి. రోజూ వచ్చే గుడ్ మార్నింగ్ పువ్వులన్నీ దాచుకోవాల్సిన పని లేదు కదండీ.

రెండోది, అక్కర్లేని యాప్‌లు తీసేయడం. ఆటలు, ఎప్పుడో వేసిన లోన్ యాప్‌లు, టార్చి యాప్‌లు. టార్చి ఫోనులోనే ఉంటుంది, దానికి వేరే యాప్ ఎందుకు? ఉంచుకున్న యాప్‌లకి కూడా ఏయే అనుమతులు ఇచ్చారో చూడండి. ఆటల యాప్‌కి మన మెసేజీలు చదివే పనేంటి?

మూడోది, ప్లే స్టోర్ బయటి నుంచి ఏదీ వేయకపోవడం. వాట్సాప్‌లో పెళ్లిపత్రిక అని, పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలానా అని ఫైలు వస్తుంది. పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది. అది పత్రికా కాదు, చలానా కాదు, యాప్. నొక్కి ఎక్కించుకుంటే మన ఓటీపీలు అవతలివాడికి వెళ్లే ప్రమాదం ఉంది. మేనమామ నంబరు నుంచి వచ్చినా నొక్కొద్దు, ఆయన ఫోను అప్పటికే వాళ్ల చేతిలో ఉండొచ్చు. ఫోను చేసి అడగండి. ప్లే స్టోర్‌లో 'ప్లే ప్రొటెక్ట్' ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.

నాలుగోది, తాళం. తెరకి పిన్ పెట్టండి. 1234, పుట్టిన సంవత్సరం వద్దు. తెర తాళం వేసి ఉన్నప్పుడు మెసేజీలో ఉన్నది పైకి కనపడకుండా సెట్టింగ్ మార్చండి, లేకపోతే ఓటీపీ పక్కవాళ్లకి కనిపిస్తుంది. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. ఇంట్లో ఒక పుస్తకంలో రాసుకోండి. ఫోను పోతే సిమ్ ఆపించి, పోలీసు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీలో ఆ నంబరుతో ఫోను బ్లాక్ చేయించుకోవచ్చు.

ఐదోది, నకలు. ఫోను నంబర్లు గూగుల్ ఖాతాలో దాచేలా పెట్టుకోండి. సంఘం లెక్కలు ఫోనులో ఫొటో తీసుకున్నా, అసలు లెక్క మినిట్స్ పుస్తకంలో, లెడ్జరులో ఉండాలి. పాత ఫోను ఒకరోజు తెరుచుకోకపోయినా మన లెక్క ఆగకూడదు.

బ్యాటరీ సంగతి వేరుగా చెప్పాలి. ఛార్జింగ్ నిలవకపోతే బ్యాటరీ మార్పిస్తే చాలు, దాని ఖర్చు కొత్త ఫోనులో చిన్న వంతు. కానీ వెనక మూత ఉబ్బినా, తెర పైకి లేచినా ఇంక ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, పొడవొద్దు. అది అంటుకోగలదు. నేరుగా రిపేరు షాపుకి తీసుకెళ్లండి. తీసిన బ్యాటరీని చెత్తలో, పొయ్యిలో వేయకండి. పిల్లలు దిండు కింద ఫోను పెట్టి ఛార్జింగ్ చేస్తే మానిపించండి.

ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు కొందరు "పాత ఫోనులో కొత్త ఆండ్రాయిడ్ ఎక్కిస్తాం పిన్నీ" అంటున్నారు. అబద్ధం కాదు. లీనియేజ్ ఓఎస్ లాంటివి ఉన్నాయి, ఉచితమే. కొన్ని మోడళ్లకే దొరుకుతుంది. ఎక్కించేటప్పుడు లోపల ఉన్నదంతా చెరిగిపోతుంది, తేడా వస్తే ఫోను తెరుచుకోకపోవచ్చు. ఎక్కించాక కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయవు. పిల్లల చదువుకి పక్కన పెట్టిన ఫోనైతే ప్రయత్నించుకోవచ్చు. డబ్బు ఉన్న ఫోనులో వద్దు.

ఇప్పుడు డబ్బు సంగతి. అప్‌డేట్లు ఆగిన ఫోనులో యూపీఐ వాడక తప్పదంటే, పొదుపంతా ఉన్న ఖాతా దానికి కలపకండి. రోజు ఖర్చుకి సరిపడా కొద్ది డబ్బు ఉండే ఖాతా కలపండి. ఫోను ఆ యాప్‌ని మోయలేకపోతే కంగారు పడొద్దు. బ్యాంకులో ఇచ్చిన నంబరు నుంచి స్టార్, 99, హ్యాష్ నొక్కితే ఇంటర్నెట్ లేకుండానే యూపీఐ పనిచేస్తుంది. బటన్ ఫోన్ల కోసం రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123 పే కూడా తెచ్చింది. ఒక్క మాట మరిచిపోవద్దు. డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు పోతున్నట్టే.

అయినా డబ్బు పోతే? ఏడుస్తూ కూర్చోకండి, ఇంట్లో తిడతారని దాచకండి. వెంటనే 1930కి ఫోను చేయండి, బ్యాంకుకీ చెప్పండి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు దారిలో ఆపే వీలు అంత ఎక్కువ. సంఘంలో ఎవరికైనా ఇలా జరిగితే మనం ముందు అడగాల్సింది "1930కి చేశావా?" అని, "నువ్వెందుకు నొక్కావు?" అని కాదు.

ఫోను మార్చాల్సిందే అనుకున్నప్పుడు షాపులో కెమెరా గురించి అడిగే ముందు "సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు?" అని అడగండి. గూగుల్ పిక్సెల్ 8, శాంసంగ్ గెలాక్సీ ఎస్24 లాంటి ఖరీదైన వాటికి 7 ఏళ్లు ఇస్తామన్నారు. తక్కువ ధర ఫోన్లకి అన్నేళ్లు ఉండవు. ఆ లెక్క ఫోను మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది, మనం కొన్న రోజు నుంచి కాదు. తగ్గింపులో వచ్చే రెండేళ్ల కిందటి మోడలులో ఆ ఏళ్లు అప్పటికే కరిగిపోయి ఉంటాయి. పాతది పిల్లలకి ఇచ్చినా, అమ్మినా, ముందు సిమ్ తీసి, యూపీఐ తీసేసి, గూగుల్ ఖాతా తొలగించి, ఆ తర్వాత మొత్తం చెరిపేసి ఇవ్వండి.

చివరగా మహాసభ ముందు రెండు మాటలు పెడుతున్నాను. ప్రతి సంఘంలో ఇద్దరు లీడర్లు, గ్రామ సంఘంలో లెక్కలు చూసే వీవోఏ చెల్లెలు, వీళ్ల ఫోన్లలో సెక్యూరిటీ తేదీ ఏడాదికి రెండుసార్లు చూసి మినిట్స్‌లో రాయాలి. అది పాతబడితే వాళ్లకి ఫోను అప్పులో ముందు వరుస ఇవ్వాలి. ఎందుకంటే అక్కడ ఉన్నది పదిమంది డబ్బు. మిగతా సభ్యులు ఎవరైనా ఫోను కోసం అప్పు అడిగితే, తీర్మానం రాసే ముందు ఆ ఫోను చాప మీద పెట్టి ఈ ఐదు పనులూ చేసి చూడాలి. బాగుపడితే ఆ డబ్బు మేకలకో, మిషనుకో, పిల్ల ఫీజుకో వెళ్తుంది. బాగుపడకపోతే సంతోషంగా అప్పు ఇద్దాం.

ఇంటికెళ్లాక ఎవరి ఫోను వాళ్లు తెరిచి ఆ తేదీ చూడండి. చదవడం రాని అక్కలకి పక్కనున్న చెల్లి చూపించాలి. వచ్చే నెల సమావేశంలో పొదుపు కట్టేటప్పుడు ఆ తేదీ కూడా చెప్పండి.